రెండో గుండీకి తెల్లదారం

2025, కార్తీక మాసం. విజయవాడ వన్‌టౌన్‌లో మార్కెట్టు వెనక సందు. కింద స్టీలు సామాన్ల కొట్టు, పక్కనున్న పదహారు మెట్లెక్కితే పైన ఖాదర్ భాయ్ రఫూ కొట్టు. నేనక్కడికి కంటెంట్ ప్లానర్ హోదాలో వెళ్ళాను. అంటే చిన్న వ్యాపారాలవాళ్ళకి ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో ఏ రోజు ఏ ఫోటో పెట్టాలో, దాని కింద ఏ మాట రాయాలో ముందుగా పథకం వేసి ఇచ్చే మనిషిని. నాకు డెబ్భై రెండేళ్ళు. బెజవాడ మొత్తం మీద ఈ పనిలో నాకంటే పెద్దవాడు లేడు. అప్పటికి నా చేతిలో నలభై మంది క్లయింట్లు.

నలభై కాదు, నలుగురు. అందులో ఒకాయన మా బావమరిది.

ఇలా చెప్పి, వెంటనే దిద్దుకోవడం నాకు మూడేళ్ళుగా అలవాటయింది. అంతకుముందు దిద్దే పని మా ఆవిడది. ముప్పయ్యేళ్ళు ఆటోకి రెండు హారన్లు కట్టుకుని, కొండపల్లి నుంచి హనుమాన్ జంక్షన్ దాకా మైకు ప్రచారం చేసినవాణ్ణి. చీరల తగ్గింపు ధరలు, సర్కస్ ఆటలు, తప్పిపోయిన పిల్లలు, అన్నీ నా గొంతులోంచే. ఆ గొంతుతోనే ఇంట్లోనూ మాట్లాడేవాణ్ణి. వచ్చినవాళ్ళతో నేనేం చెబుతున్నా వంటింట్లోంచి ఒక కేక వినపడేది: "ఆయన చెప్పినదాంట్లో సగం తీసేసి వినండి!" ఇప్పుడా కేక రాదు. అందుకని ఏదైనా చెప్పాక ఓ క్షణం ఆగి, వంటింటి వైపు చూసి, నేనే తీసేసుకుంటున్నాను.

ఖాదర్ భాయ్ అరవై దాటిన మనిషి. కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది, పని మొదలెట్టాకే కిందికి దిగుతుంది. రఫూ అంటే చిరిగినచోట అతుకు వేయడం కాదు. ఆ బట్ట లోపలి మడతలోంచే దారాలు లాగి, వాటితోనే పడుగూ పేకా మళ్ళీ నేసి, చిరుగు ఎక్కడుందో తెలియకుండా చేయడం. పాత కొట్టు మెయిన్ రోడ్డు మీద ఉండేది. ఆ బిల్డింగు పడగొట్టి కొత్తది కడుతున్నారని ఏడాది క్రితం ఈ మెట్ల మీదికి వచ్చాడు. మెట్లెక్కే ఓపిక ఉన్నవాళ్ళకి కొట్టు ఇక్కడుందని తెలీదు, తెలిసినవాళ్ళకి ఓపిక లేదు.

మొదటి రోజు నేను పెద్దగా ఉపన్యాసం ఇస్తుంటే ఆయన లేచి, బీరువా తెరిచి, తెల్లటి గుడ్డలో చుట్టిన ఒక నల్లకోటు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రైల్వే టీసీలు వేసుకునే కోటు.

"మూర్తి గారూ, కొత్త పని రావాలనే మిమ్మల్ని పిలిపించా. కాని దానికన్నా ముందు ఇది వెళ్ళాలి."

"ఎవరిదండీ?"

"ఒకమ్మది. సింగ్ నగర్ అన్నది. పేరు రాసుకోలా, చీటీ నంబరే. ఆయన పోయి మూడు నెలలైందంట. 'తొందరేం లేదన్నయ్య గారూ, జాగ్రత్తగా చెయ్యండి' అంది. వచ్చే శనివారం రమ్మన్నా. ఈలోపే బుడమేరు పొంగి సింగ్ నగర్ అంతా మునిగింది, పోయినేడాది వరదలో."

నీళ్ళు తీశాక ఆయన సింగ్ నగర్ వెళ్ళి 'టీసీ గారి ఇల్లు' అని రెండు రోజులు వీధులన్నీ అడిగాడట. రైల్వేవాళ్ళు అక్కడ ఒకరా ఇద్దరా? ఆ తర్వాత కొట్టే మారిపోయింది.

"మనిషి బాగుండే ఉంటది, అల్లా దయ వల్ల. కాని ఆ ఇంట్లో ఏం మిగిలుంటుందండీ? ఫోటోలా, బట్టలా? ఆయనది అంటూ ఏదన్నా ఉంటే ఇదొక్కటే ఉంటది. అది నా బీరువాలో ఉంది."

నేను ముప్పై రోజుల కంటెంట్ క్యాలెండర్ గీశాను. సోమవారాలు బిఫోర్-ఆఫ్టర్, అంటే పనికి ముందూ తర్వాతా తీసిన ఫోటోలు పక్కపక్కన. బుధవారాలు పట్టుచీర దాచుకునే చిట్కాలు. శుక్రవారాలు ఖాదర్ భాయ్ చేతుల ఫోటో. ఆదివారం, జనం తీరిగ్గా ఫోన్ పట్టుకుని కూర్చునే రోజు గనక, కోటు.

సోమవారమే దెబ్బ తగిలింది. సైకిల్ చైన్లో పడి చిరిగిన ప్యాంటు ఒకవైపు, బాగుచేసిన ప్యాంటు ఇంకోవైపు పెట్టాను. కింద కామెంట్లు: "రెండోది కొత్త ప్యాంటు కదా, ఎవర్ని మోసం చేస్తున్నారు?" "షాపు పేరు చెప్పండి, ఆ ప్యాంటు మేమూ కొనుక్కుంటాం." ఖాదర్ భాయ్ పని ఎంత బాగా చేస్తే ఫోటోలో అంత ఏమీ కనపడదు. ఇలాంటి వ్యాపారం నాకెప్పుడూ తగల్లేదు. పనితనం చూపించలేనప్పుడు కథ చెప్పాలి అనుకున్నాను. కథలు చెప్పడంలో నాకు సాటి ఎవరు?

ఆదివారం కోసం కోటుని హ్యాంగరుకి తగిలించి ఫోటో తీశాను. బ్రహ్మాండంగా వచ్చింది. ఒక్కటే లోపం. రెండో గుండీ తెల్లదారంతో కుట్టి ఉంది, నల్లకోటు మీద మెతుకు పడ్డట్టు. మచ్చ మీద వేలితో రుద్దితే మాయం చేసే యాప్ నా ఫోన్లో ఉంది. రుద్దాను. తెల్లదారం నల్లబడి గుండీలో కలిసిపోయింది. కింద క్యాప్షన్, అంటే ఫోటో కింది మాట, నా పాత మైకు ధోరణిలోనే రాశాను: "రైలు వెళ్ళిపోయింది... కోటు మిగిలిపోయింది! ఇరవై ఏళ్ళుగా ఓ ఇల్లాలి కోసం ఎదురుచూస్తున్న నల్లకోటు! ఆమె మీకు తెలుసా?"

ఆ పోస్టు రెండు లక్షల మందికి చేరింది.

రెండు లక్షలు కాదు. ఇరవై ఒక్క వేలు. అందులో నేను రోజుకి పదిసార్లు తెరిచి చూసుకున్నవీ కలిశాయేమో నాకు తెలీదు. అయినా రీచ్, అంటే పోస్టు ఎంతమంది కంట పడిందన్న లెక్క, నా జీవితంలో అదే పెద్దది. మెట్ల మీద చెప్పుల వరస పెరిగింది. ఒక కుర్రాడు కోటు భుజాన వేసుకుని రీలు తీసుకుంటానన్నాడు. ఇద్దరాడవాళ్ళు కోటుకి దణ్ణం పెట్టి వెళ్ళారు. కోటు తనదన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ రాలేదు.

ఖాదర్ భాయ్ సూదిలో దారం ఎక్కిస్తూ అడిగాడు. "మూర్తి గారూ, వచ్చినవాళ్ళంతా ఇరవై ఏళ్ళంటున్నారు. ఏ ఇరవై ఏళ్ళండీ?"

"అది భావం, భాయ్."

"భావమా! నేను సూది పట్టే ముప్పయ్యేళ్ళు. అందులో ఇరవై ఏళ్ళు ఈ కోటే ఒళ్ళో పెట్టుకు కూర్చున్నానా?"

"పదిహేను నెలలంటే ఎవరు చదువుతారండీ?"

ఆయన మళ్ళీ సూది మీదికి వంగాడు. నెల గడిచింది. ఒక రోజు చీర తెచ్చినావిడ, "ఆ కోటావిడ వచ్చిందా?" అంటూ తన ఫోన్లో ఆ ఫోటో తీసి చూపించింది. ఖాదర్ భాయ్ అప్పటిదాకా ఆ ఫోటో చూడనే లేదు. కళ్ళజోడు నుదుటి మీంచి దించాడు. ఆవిడ వెళ్ళేదాకా ఆగి, నా వైపు తిరిగాడు.

"ఈ కోటు మనది కాదే."

"మనదే, భాయ్. నేనే తీశాగా."

"మరి గుండీ?"

"ఓ, అదా. తెల్లగా మచ్చలా కనపడుతుంటే అందం కోసం తీసేశా."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. "మచ్చంటారేంటండీ? ఎవరో కూర్చుని కుట్టింది అది. చిరుగైతే నా పని. అది చిరుగు కాదు. అందుకే పదిహేను నెలలు దాని జోలికి నేనే పోలా. మీరు వేలితో రుద్దేశారా!"

నేను వంటింటి వైపు చూద్దామనుకున్నాను. అక్కడ వంటిల్లు లేదు.

ఆ పోస్టు తీసేయించాడు. ఈసారి తానే మాట్లాడతానన్నాడు. వీడియో ముప్పై సెకన్లు దాటకూడదని, మొదటి మూడు సెకన్లలో ఏదైనా విశేషం చెప్పాలని, కొంచెం నవ్వాలని చెప్పాను. ఆయన ఏదీ వినలేదు. కోటు రెండు చేతుల మీద పరుచుకుని, ఫోన్ వైపు కాక కోటు వైపే చూస్తూ మాట్లాడాడు.

"ఈ కోటు నా దగ్గర పదిహేను నెలలుగా ఉందమ్మా. చెయ్యి చిరిగితే తెచ్చారు. బాగుచేశా. రెండో గుండీకి తెల్లదారం ఉంది. అది నేను కుట్టింది కాదు, నేను ముట్టుకోలా. కొట్టు మారింది. మార్కెట్టు వెనక సందులో స్టీలు కొట్టు పైన. మెట్లు పదహారు. మోకాళ్ళ నొప్పులుంటే ఎక్కొద్దు, కింద నుంచి పిలవండి. నేనే దిగొస్తా."

మా వృత్తి లెక్కన అంత చెత్త వీడియో ఇంకోటి ఉండదు. తొంభై ఆరుమంది చూశారు. ఈ సంఖ్య పెంచలేదు, తగ్గించలేదు.

నాలుగో రోజు పొద్దున కింద నుంచి ఒక గొంతు. "అన్నయ్య గారూ! నేను ఎక్కలేనండీ!"

ఖాదర్ భాయ్ సూదుల దిండుకి సూది గుచ్చి, కోటు తీసుకుని దిగాడు. వెనక నేను. స్టీలు కొట్టు ముందు బల్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. పేరు సుశీల గారు. వరద తర్వాత హనుమాన్ జంక్షన్‌లో చెల్లెలి ఇంట్లో ఉంటోంది. మొదటి బస్సుకి వచ్చిందట. కోటు ఒళ్ళో పెట్టగానే ఆవిడ వేలు తిన్నగా రెండో గుండీ మీదికి పోయింది.

"నల్లదారం ఉండ అయిపోయిందండీ ఆ రోజు. బండికి టైమవుతోంది. తెల్లదారంతో కుట్టేసి, సాయంత్రం మారుస్తానన్నా. మారుద్దామంటే ఇవ్వలా. 'రైల్లో అందరి టిక్కెట్లూ నేను చూస్తా, నా గుండీ ఎవడు చూస్తాడే' అన్నారు. అలాగే రిటైరయ్యారు."

"పాత కొట్టు దగ్గరికి రాలేదామ్మా?" ఖాదర్ భాయ్ అడిగాడు.

"రెండుసార్లొచ్చా. రేకులు కట్టేసి పునాదులు తవ్వుతున్నారు. ఇంట్లోవి నీళ్ళలో పోయినయ్, ఇది కూడా పోయిందనుకున్నా." కోటు మడత సర్దుతూ మళ్ళీ అంది. "మీ మొదటి ఫోటో కూడా చూశానండీ, మా చెల్లెలి ఫోన్లో. పెట్టిన రోజే."

"మరి రాలేదేమ్మా?" అని నేనే అడిగాను.

"ఇరవై ఏళ్ళన్నారుగా. మావారు పోయి రెండేళ్ళు కాలా. గుండీకి చూస్తే నల్లదారం. ఎవరో నాలాంటావిడది అనుకున్నా. కాని రోజూ చూసేదాన్ని. మావారి కోటూ ఇలాగే ఉండేది కదా అని. పాపం ఆవిడ ఎక్కడుందో, ఇంకా రాదేంటి, వచ్చి తీసుకుంటే బాగుండు అనుకునేదాన్ని."

నెల రోజులు. తన కోటుని ఎదురుగా పెట్టుకుని, అది వేరే ఆవిడది అనుకుంటూ, ఆ వేరే ఆవిడ రావాలని కోరుకుంది.

"ఆ మాటలు రాసిందెవరండీ?"

ఖాదర్ భాయ్ నా వైపు చూడలేదు. "మా కొట్టు మాటలేనమ్మా," అన్నాడు. నేను పక్కనే నిలబడి, "నేను రాశానమ్మా. గుండీ దారం కూడా నేనే చెరిపేశా," అన్నాను.

"బాగా రాశారండీ," అంది ఆవిడ. "నాకు ఏడుపొచ్చింది."

ఇన్నేళ్ళ వృత్తిలో అంత గట్టిగా తగిలిన మెచ్చుకోలు నాకింకోటి లేదు.

ఆవిడ కోటు కుడిచెయ్యి అటూ ఇటూ తిప్పింది. వెలుతురులోకి పట్టింది. ఎంత వెతికినా చిరుగు దొరకలేదు. ఖాదర్ భాయ్ మొహంలో పనివాడి గర్వం కనపడింది గాని, ఆవిడ మొహం చూసి అది ఆగిపోయింది.

"ఎక్కడండీ చిరిగింది? చివరి డ్యూటీ రోజు బోగీ తలుపు గడియకి పట్టుకుంది. ఇంటికొచ్చి నాకు చూపించి నవ్వారు, 'రైలు నన్ను వదలట్లేదే' అని. ఇప్పుడు ఆ జాడే లేదు."

ఖాదర్ భాయ్ కోటు చెయ్యి లోపలి వైపుకి తిప్పి, ఆవిడ చూపుడువేలు పట్టుకుని ఒకచోట ఆనించాడు. "కళ్ళకి దొరకదమ్మా. వేలితో చూడండి. ఇక్కడి నుంచి... ఇక్కడిదాకా. తెలుస్తోందా?"

ఆవిడ కళ్ళు మూసుకుంది. చాలాసేపటికి తల ఊపింది. బస్సెక్కేటప్పుడు కూడా కోటు సంచిలో పెట్టుకోలేదు, చేతి మీదే వేసుకుంది. వేలు ఆ చోటే ఉంది.

ఈ కేసు తర్వాత నా క్యాలెండర్లు మారాయి. ఏ కొట్టుకి వెళ్ళినా ముందు వంకరగా ఉన్నదేదో, మరక పడ్డదేదో చూపించమంటాను. దాన్ని చెరపను. కావలసినవాళ్ళు దాన్ని బట్టే గుర్తుపడతారు. తెలిసిన నెలలు తెలిసినన్నే రాస్తాను. చదివేవాళ్ళు తగ్గారు. ఖాదర్ భాయ్ కొట్టుకి మాత్రం కింద నుంచి పిలిచేవాళ్ళు పెరిగారు, ఆయన మోకాళ్ళే ఇప్పుడు నొప్పులంటున్నాయి.

ఇదంతా రాశాక, మా ఆవిడ లెక్క ప్రకారం సగం తీసేద్దామని కూర్చున్నాను. ఒకటి దొరికింది. సుశీల గారి పక్కన నిలబడి ఒప్పుకున్నానని రాశాను. నిలబడలేదు. కింది మెట్టు మీద కూలబడి ఒప్పుకున్నాను. ఇంకేమైనా ఉందేమోనని వంటింటి వైపు చూస్తూ కాసేపు ఆగాను.