నుదుటికెక్కిన అగ్నిపర్వతం

ఏడో తరగతిలో బడే నన్ను వదిలించుకుంది. నేనే మానేశానని మా ఇంట్లో గౌరవంగా చెప్పుకుంటారు. అందుకే రామచంద్రపురం దగ్గర నేను పనిచేసే ఇటుకల యార్డుకి మాస్టారు తెచ్చిన పొట్లంలో బూడిద చూసి, విభూతి అనుకుని నుదుటికి మూడు గీతలు బలంగా పెట్టుకున్నాను. కూలీలు నలుగురికీ పంచాను కూడా. కాసేపటికి నుదురు మంటెత్తింది.

ఆయన రిటైరైన జియాలజీ లెక్చరరు. ఏ పొడి దొరికినా వేళ్ల మధ్య నలిపి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. నా నుదురు చూసి కూడా కోప్పడలేదు.

"గీసుకుందాండీ? అది కట్టెల బూడిద కాదండీ, అగ్నిపర్వతం కక్కిన గాజు. సున్నం కలిపితే నీళ్లలో కూడా గట్టిపడుతుంది."

ఇండోనేషియా నుంచి శిష్యుడు పంపింది ఆ ఒక్క పొట్లమే. మన మిల్లుల ఊక బూడిదకీ ఆ గుణం ఉందంటారాయన. ముందు ఈ పొట్లంతో చేసిన ఇటుక నీళ్లలో నిలిస్తేనే మా ఓనరు నమ్మేది. మేం పూసుకోగా మిగిలినదానికి సున్నం కలిపితే కాజా అంత ఇటుకే అయింది. నాలుగు రోజులు తడిగుడ్డలో ఉంచి, బకెట్ నీళ్లలో వేశారు. అది కరిగిపోతే పాపం నాదేనని నాకు అన్నం సహించలేదు.

నెల తిరిగాక మాస్టారు దాన్ని తీసి, చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టారు. టక్కుమంది. "సరే, ఊక బూడిదతో మొదలెడదామండీ," అన్నాడు ఓనరు.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఆ రోజే సున్నం కూడా కలిపి పూసుకోవాల్సిందండీ మాస్టారూ, నా బుర్రా గట్టిపడేది," అన్నాను.

ఆయన నా నుదుటి మీద వేలితో కొట్టి, చెవి ఒగ్గి విన్నారు.

"అక్కర్లేదండీ. ముందే గట్టిపడిపోయింది."