మూణ్ణెల్ల వెచ్చాలు

ఇప్పుడంటే ఫోను మీద వేలు పెడితే పప్పూ ఉప్పూ గుమ్మంలోకి నడిచొస్తున్నాయి గానీ, నేను కాపరం పెట్టిన కాలంలో మా కోనసీమలో మనిషి విలువ వంటింటి డబ్బాల్లో ఉండేది. మరీ పాత సంగతేం కాదు లెండి, అప్పటికే అందరి జేబుల్లోనూ సెల్‌ఫోన్లు మోగుతున్నాయి. అయినా సరే, గోదావరి పాయల మధ్య లంకల్లో పుట్టి పెరిగిన ఆడవాళ్ళు ఎవరింటికైనా వెళితే మనుషుల మొహాల కంటే ముందు డబ్బాల మూతలు చూసేవారు. ఏటా వరద చూసినవాళ్ళు కదా, రేపు తినడానికి ఏముందో తెలిస్తేగానీ ఈ పూట ముద్ద దిగేది కాదు వాళ్ళకి. ఆ సంగతి తెలియకుండానే లంక పిల్లని పెళ్ళి చేసుకున్న అమాయకుణ్ణి నేను.

అప్పట్లో నేను తాటిపాకలో ఓ కాంట్రాక్టరు గారి దగ్గర స్టోర్సు గుమాస్తాని. నట్లు, బోల్టులు, పైపులు, వాషర్లు, ఏది ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. ("సరుకు నిండుకోవడం అన్నది నా సర్వీసులో లేదండీ" అని పెళ్ళిచూపుల్లో కోతలు కూడా కోశాను.) ఇంటి సంగతికొస్తే మాత్రం ఒక అద్దె గది, ఒక గ్యాసు పొయ్యి, ఏ పూటకాపూట సందు చివరి కొట్లోంచి తెచ్చుకునే చిన్న చిన్న పొట్లాలు. కొత్తగా కాపరానికి వచ్చిన మా ఆవిడకి అదో సరదాగా ఉండేది. ఇంతలో ఆషాఢం దగ్గరపడింది. కొత్త పెళ్ళికూతురు ఆ నెలంతా పుట్టింట్లో ఉండాలి కనుక, తీసుకెళ్ళడానికి మా అత్తగారు వచ్చారు. అంతే, సరదా తీరిపోయింది.

మా అత్తగారిది రాజోలు దగ్గర వశిష్ఠ పాయలో ఓ లంక. మావగారు మస్కట్‌లో డ్రైవరు, అందుకని ఇల్లూ కొబ్బరితోటా పెత్తనం అంతా ఆవిడదే. లంకలో ఆవిడ నోటికి ఎదురు లేదుగానీ, అల్లుడితో మాత్రం ఎదుటపడి మాట్లాడేవారు కాదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటున నిలబడి, కూతురితో చెబుతున్నట్టుగా, నాకు స్పష్టంగా వినబడేలా చెప్పేవారు. ఆవిడ తలుపుతో మాట్లాడితే నేను గోడతో బదులు చెప్పేవాణ్ణి. ఆ రోజు కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అలమర దగ్గరికి వెళ్ళి వరసగా మూతలు తియ్యడం మొదలెట్టారు.

"ఏమ్మా, కందిపప్పు డబ్బాలో ఏంటే ఇవి?"

"పిన్నీసులమ్మా."

"మరి కందిపప్పేదే?"

"సాయంత్రం తెస్తారమ్మా."

"సాయంత్రం కొట్టు కట్టేస్తేనో?"

నాకు రోషం వచ్చింది. "తాటిపాకలో కొట్లకేం కొదవండీ" అన్నాను గోడతో.

"గోదారొస్తే ఏం తింటారో అడగవే."

"ఇక్కడిదాకా గోదారి రాదండీ."

"గోదారి రాకపోతే తుఫానొస్తాది, తుఫాను రాకపోతే బందొస్తాది. ఏదోటి రాకుండా ఊరుకుంటాదేంటే! మూణ్ణెల్లకి వెచ్చాలు లేని ఇంటికి నేను పిల్లని పంపించలేనమ్మా. శ్రావణం వచ్చేసరికి మీ ఆయన్ని వెచ్చాలు పోయించమను. కళ్ళారా చూసే పంపుతాను. ఆయ్."

నవ్వులాటకి అన్నారేమో అనుకున్నాను. కానీ బస్సు కదిలేటప్పుడు మా ఆవిడ కిటికీలోంచి మెల్లగా, "మా అమ్మ అన్నంత పనీ చేస్తుందండీ. నవ్వకండి" అంది. ఆ రోజు గదికి తిరిగి వచ్చి చూస్తే, పెళ్ళికి ముందు ఎంతో విశాలంగా ఉన్నట్టనిపించిన ఆ గది బావురుమంటోంది. నా పెళ్ళాం నాకు దక్కాలంటే బియ్యం, పప్పు, చింతపండు మీదుగానే దారి అని అర్థమైపోయింది.

జీతం అందగానే మలికిపురం వెళ్ళి ఆటో నిండా సరుకులు వేయించుకొచ్చాను. ఇక సర్దడం అంటారా, స్టోర్సు గుమాస్తాకి ఒకరు నేర్పాలా! నట్లని సర్దినట్టే సరుకుల్ని కూడా సైజుల వారీగా సర్దాను. పెద్దవన్నీ కింద, చిన్నవన్నీ పైన. చిన్నవంటే అగ్గిపెట్టెలు, ఒంటి సబ్బులు, బట్టల సబ్బులు, కర్పూరం. అవి దొర్లిపోకుండా బియ్యం డ్రమ్ములోనే పైన వరసగా పేర్చి మూత గట్టిగా బిగించాను. ఎంత చోటు కలిసొచ్చిందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. కందిపప్పు సంచీ, బెల్లం దిమ్మా ఒకే ఎత్తున్నాయని పక్కపక్కనే నిలబెట్టాను. చింతపండుకి గాలి తగలాలని కిటికీలో పెట్టాను. (గాలితోబాటు వాన కూడా తగిలింది.) రోజూ సాయంత్రం మంచం మీద పడుకుని ఆ వరసల్ని చూసుకుంటూ మురిసిపోయేవాణ్ణి. ఒకరోజు ఫొటో తీసి మా ఆవిడకి పంపించాను. "అమ్మ చూసిందండీ. ఫొటోలో వాసన తెలీదు కదా అంటోంది" అని జవాబు వచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

ఆషాఢం సగంలో ఉండగా గోదారి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక అన్నారు, చూస్తుండగానే రెండోది, మూడోది. లంకలకి కరెంటు పోయింది, దాంతో ఫోన్లూ పోయాయి. నేను ఎన్నిసార్లు నొక్కినా అవతల ఒకే గొంతు, అందుబాటులో లేరని. టీవీలో చూస్తే కొబ్బరి మొవ్వులూ ఇళ్ళ కప్పులూ తప్ప ఏమీ కనబడటం లేదు. మా ఆవిడ ఆకలితో కూర్చుని ఉందనీ, అత్తగారు తడిసిన చీరతో ఏడుస్తున్నారనీ నా బుర్ర సినిమా తీసేసింది. ఆఫీసులో అన్నం ముందు కూర్చున్నవాణ్ణి అలాగే లేచిపోయాను. గదికి పరిగెత్తుకొచ్చి, డ్రమ్ముతో సహా మొత్తం వెచ్చాలన్నీ ఓ ట్రక్కు ఆటోలోకి ఎక్కించాను. శ్రావణంలో చూపించాల్సిన సరుకు ఇదే కదా, కొంతైనా ఉంచుకుందామని నాకు తట్టనే లేదు. తట్టి కూడా త్యాగం చేశానని గొప్పలు చెప్పుకోవచ్చుగానీ, నిజంగానే తట్టలేదు.

ఏటిగట్టు ఎక్కి చూసి అక్కడే నిలబడిపోయాను. చిన్నప్పట్నుంచీ చూసిన గోదావరి కాదది. అవతలి ఒడ్డు లేదు. మట్టిరంగు నీళ్ళు చప్పుడు లేకుండా, ఎవరితోనూ పని లేనట్టు, అంత వెడల్పునా ఒకేసారి కదిలి వెళుతున్నాయి. ఏది పాయో, ఏది తోటో, ఏది వీధో తెలియడం లేదు. కొబ్బరిచెట్లు మొలలోతు నీళ్ళల్లో నిలబడి ఉన్నాయి. ఇంత నీరు ఎక్కడ పుట్టింది తల్లీ అని చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. నా డ్రమ్ము ఆ గట్టు మీద అగ్గిపెట్టెలా కనబడింది.

గట్టు దగ్గర అందరూ సరంగు అని పిలిచే పడవాయన ఉన్నాడు. నా సామాను వంక వింతగా చూశాడు. "ఎవరికండీ ఇదంతాను?"

"మా అత్తగారికండీ. తిండి లేక ఎలా ఉన్నారో ఏంటో!"

ఎవరింటి అల్లుణ్ణో కనుక్కుని, పైపంచె నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "ఆవిడకాండీ? వెచ్చాలాండీ? ఎక్కండి బాబూ, ఎక్కండి. ఇది చూసి తీరాలి" అన్నాడు. అతను ఎందుకు నవ్వుకుంటున్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు.

గెడకర్రతో తోసుకుంటూ తోటల్లోంచి, వంగిన కొబ్బరి మట్టల కింద తలలు వంచుకుంటూ వెళ్ళి, అత్తగారి వాకిట్లోకి పడవ తెచ్చాడు. అరుగుల్లేవు, మెట్లు లేవు, ద్వారబంధం సగందాకా నీళ్ళు. "ఏవండోయ్!" అని కేకేశాను. పలుకు లేదు. ఇక ఆగలేక ప్యాంటు మడిచి, ఒక కాలు పడవలోంచి బయటపెట్టాను.

"ఆగండాగండి! ఆషాఢం!" అని ఆకాశంలోంచి వినబడింది.

తలెత్తి చూద్దును కదా, పెంకుటింటి కప్పు మీద నాలుగు పెంకులు తీసిన కంతలోంచి మా అత్తగారి తలకాయ. బొట్టు చెదరలేదు, ముడి జారలేదు.

"గడప తొక్కకండి అల్లుడుగారండీ! ఆషాఢంలో అత్త ఉన్న ఇంటి గడప అల్లుడు దాటకూడదండీ."

"గడప నీళ్ళలో ఉందండీ. కనబడటం లేదండీ."

"కనబడకపోతే లేనట్టాండీ? మీరు తాటిపాకలో కనబడకుండా ఉన్నారు, మా అల్లుడు కాకుండా పోయేరాండీ?"

"అదీ నిజమేనండోయ్" అన్నాడు సరంగు, నా కాలు పట్టుకుని పడవలోకి లాగేస్తూ.

ఆవిడ నాతో ఎదుటపడి మాట్లాడిన మొదటి మాటలు అవేనని నాకు తర్వాత తట్టింది. ఇంతలో ఆ కంతలోనే పక్కన మా ఆవిడ మొహం కూడా ఇరుక్కుని బయటికొచ్చింది. నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందనుకున్నాను. "భోంచేశారా అండీ?" అంది. వాళ్ళకి అన్నం పెడదామని గోదారి దాటి వచ్చినవాణ్ణి! "మీరు తిన్నారా?" అన్నాను నీరసంగా. "ఇప్పుడేనండీ. గుమ్మడి వడియాలు వేయించాం" అంది. నిజమే, కప్పులోంచి కమ్మటి వాసన వస్తోంది.

"కప్పుకి గడప ఉండదు కదండీ, చూరు పక్కకి పడవ తెమ్మనండి" అన్నారు అత్తగారు. పడవలో నిలబడి కంతలోకి తల పెట్టాను. పెట్టి, అలాగే ఉండిపోయాను. అంతవరకూ అటక అంటే పాత సామాను పారేసే చోటనుకున్నాను. అక్కడ ఈ చివర నుంచి ఆ చివరకి, కంటికి ఆనినంత మేర, సరుకు. వేపాకూ ఎండుమిరపకాయలూ వేసిన బియ్యం గాబులు. దోరగా వేపిన కందిపప్పు డబ్బాలు. ఉప్పు పట్టించి ఉండలు చేసిన చింతపండు. గుడ్డ వాసెన కట్టిన ఆవకాయ, మాగాయ జాడీలు. దూలానికి వేలాడుతూ బెల్లం కుండ, చీమకి కూడా దారి లేకుండా. గాజుసీసాలో బిగించిన అగ్గిపెట్టెలు. తాగే నీళ్ళ బిందెలు, చిన్న గ్యాసు బండ, ఎండు కొబ్బరికాయల గుట్ట. వాటి మధ్యలో చాపలేసుకుని పాకలు మునిగిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ పిల్లలూ, ఒక ముసలమ్మగారూ, ఆవిడ ఒళ్ళో ఒక మేకపిల్లా. నేను చూస్తుండగానే వీధిలోంచి ఇంకో పడవ వచ్చింది. అత్తగారు అడగనైనా అడక్కుండా అన్నం గిన్నె చేదకి కట్టి కిందికి దించారు. ఏటిగట్టు మీద గోదారిని చూసి ఎలా నిలబడిపోయానో, ఆ అటకని చూసి కూడా అలాగే నిలబడిపోయాను. అంత నీటికీ ఎదురుగా ఇంత సరుకు ఒక్క మనిషి పోగేసింది!

ఈలోగా సరంగు ఊరుకోవచ్చు కదా, నా డ్రమ్ము ఎత్తి చూరు మీద పెట్టేశాడు. "అల్లుడుగారు మీకు వెచ్చాలు తెచ్చేరండీ!" అని చాటింపు కూడా వేశాడు. అత్తగారు మూత తీశారు. పైన పేర్చిన సబ్బుల్ని పక్కకి జరిపారు. గుప్పెడు బియ్యం తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"అల్లుడుగారండీ, బియ్యం సబ్బుతో కడిగేరాండీ?"

అటకంతా గొల్లుమంది. ముసలమ్మగారు నవ్వలేక మేకపిల్లని వదిలేశారు. కందిపప్పు సంచీ విప్పితే చీమలు బారులు తీరి బయటికొచ్చాయి. చింతపండు సంగతి చెప్పకపోవడమే మర్యాద. నాకు తల కొట్టేసినట్టయింది. అయిపోయింది, ఇక శ్రావణమూ లేదు, భాద్రపదమూ లేదు, మా ఆవిడ ఈ అటక దిగదు అనుకున్నాను. అత్తగారు మాత్రం అప్పుడే నవ్వు ఆపుకుని, నా సామాను వంక ఒకసారీ నా వంక ఒకసారీ చూశారు.

"మరి మీ గదిలో ఏం ఉంచుకున్నారండీ?"

"ఏం లేదండీ. అంతా తెచ్చేశానండీ." అబద్ధం ఎందుకని, "పిన్నీసులున్నాయండీ" అన్నాను.

"రాత్రికేం తింటారండీ?"

సాయంత్రం కొట్లో తెచ్చుకుంటానని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఆవిడ పైట చెంగుతో మొహం తుడుచుకుని, కూతురి వైపు తిరిగారు. "అమ్మాయీ, శ్రావణం వచ్చిన మర్నాడే బయల్దేరుదువుగాని."

"మరి మూణ్ణెల్ల వెచ్చాలమ్మా?" అంది మా ఆవిడ. (ఎక్కడ ఏది అనకూడదో ఆవిడకి ఇప్పటికీ తెలీదు.)

"చూసే పంపుతానన్నాను. చూశాను కదే" అన్నారు అత్తగారు.

ఆ తర్వాత చేదలో నాకు భోజనం దిగింది. పొగలు కక్కే అన్నం, నెయ్యి, మాగాయ, వడియాలు. చుట్టూ కనుచూపుమేర గోదారి, మధ్యలో పడవ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని కొత్త అల్లుడు. అంత మర్యాద నాకు పెళ్ళిపందిట్లో కూడా జరగలేదు. సబ్బు బియ్యం పారెయ్యలేదట. నీళ్ళు తీశాక పిండి పట్టించి ముగ్గులకి వాడారట. ఆ ఏడు వాళ్ళ వీధంతా వాకిళ్ళు ఘుమఘుమలాడాయని మా ఆవిడ చెబుతూ ఉంటుంది.

ఇప్పుడు అమలాపురంలో మాకో ఇల్లుంది, ఇంట్లో ఓ అటకుంది. ఫోనులో ఎవరో గ్యాసు దొరకదంటారు, ఇంకెవరో నూనె రాదంటారు, నేను వెంటనే సంచీ పట్టుకుంటాను. బియ్యంలో వేపాకు, బెల్లం దూలానికి, అగ్గిపెట్టెలు సీసాలో. అత్తగారు పెద్దవారైపోయారు, చూపు తగ్గింది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా బియ్యం డబ్బా మూత తీసి వాసన చూస్తారు. "సర్దడం బాగా వచ్చేసిందండీ మీకు" అంటారు. ఆ మాట పొగడ్తేనని చాలాకాలం అనుకున్నాను.

మొన్నటి వరదల్లో మళ్ళీ లంకలు మునిగాయి. ఏదైనా పంపుదామంది మా ఆవిడ. నిచ్చెనేసుకుని అటకెక్కాను. ఒక బస్తా దించాను. రెండోది పట్టుకుని, ఇది మనకుండాలి కదా, ఏమో ఎటుపోయి ఎటొస్తుందో అని మళ్ళీ లోపలికి జరిపాను. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ మా ఆవిడ అంతా చూస్తూనే ఉంది. "ఏవండీ, అప్పుడు కూడా మీరు ఇంత జాగ్రత్తగా ఉంటే మా అమ్మ నన్ను పంపేది కాదండీ" అంది. నాకు నవ్వొచ్చింది, ఎక్కడో కాస్త కలుక్కుమంది కూడా. నిజమే మరి, సబ్బు బియ్యం నెత్తినేసుకుని, గదిలో పిన్నీసులు మాత్రం మిగుల్చుకుని పడవెక్కిన ఆ వెర్రి కుర్రాడికి పిల్లనిచ్చారు గానీ, ఈ అటక మీది పెద్దమనిషికి కాదు కదా అనుకుంటూ రెండో బస్తా కూడా దించాను.