ఆఖరున వచ్చే మొదటి ఫారం

నెల్లూరులో ఒక అచ్చాఫీసులో బైండింగు పనికి చేరి, అక్కడే రిటైరయ్యాను. చదివింది ఐదో తరగతి. అయినా నా బల్ల మీదికొచ్చిన పుస్తకాలన్నీ చదివాను, కాకపోతే వరుస తప్పి.

ఇది కరోనా తగ్గిన మరుసటి వేసవి సంగతి. అప్పటికి బైండింగులో నేనే పెద్దదాన్ని. కాలేజీ లెక్చరర్ సునందగారు కుర్రకారు కోసం రాసిన ప్రేమ నవల వచ్చింది. గురువారం ఆమె కాలేజీలో పంచుతారట, ఆ రోజుకి ఇచ్చేయాలి.

పుస్తకం ఒక్కో పేజీగా అచ్చు కాదు. పదహారు పేజీలు ఒకే పెద్ద కాగితం మీద పడతాయి. దాన్ని ఫారం అంటాం. మడిచి, వరుసగా కూర్చి, కుట్టి, అంచులు కోస్తాం. ముందుమాట ఎప్పుడూ ఆలస్యమే కాబట్టి మొదటి ఫారం ఆఖరున అచ్చవుతుంది. అలా నా చేతికి ముందొచ్చింది రెండో ఫారం.

మడుస్తూ చదివాను. అందులో అబ్బాయి పేరు చంద్ర. చామనఛాయ. ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన గాలపు మచ్చ. నవ్వొస్తే చేత్తో నోరు మూసుకుంటాడు. ఏమడిగినా "చూద్దాం" అంటాడు, ఒప్పుకున్న పని మాత్రం వదలడు. సముద్రం ఒడ్డున ఒకమ్మాయికి పెళ్లాడతానని మాటిస్తున్నాడు.

నా చెయ్యి ఆగిపోయింది. అచ్చంగా మా అక్క కొడుకు వెంకటేశు! అల్లూరు వైపు పడవ మీద చేపల వేటకు పోతాడు. శుక్రవారం వాడి నిశ్చితార్థం. పెళ్లికూతురు చదివేది సునందగారి కాలేజీలోనే. గురువారం అక్కడ పుస్తకం పంచితే ఆ పిల్ల చదవదా? సంబంధం నిలుస్తుందా?

వాడికే ఫోన్ చేసి, పెళ్లికూతురు కాక ఆ కాలేజీలో ఇంకెవరన్నా తెలుసా అని అడిగాను.

"తర్వాత చూద్దాం చిన్నమ్మా, వల లాగుతుండాం" అని పెట్టేశాడు.

ఆ మాటతో నా అనుమానం గట్టిపడింది. రెండో ఫారం కట్టలన్నీ పాత కేలండర్ల వెనక దాచేశాను. ఒక్క ఫారం లేకపోయినా పుస్తకం కూర్చడం కుదరదు.

బుధవారం ఓనరు రమణయ్యగారు గొంతు పెంచారు. "ఏంది పెంచలమ్మా, ఫారానికి రెక్కలొచ్చి ఎగిరిపోయినాదా?"

వెతుకుతున్నానన్నాను. ఉద్యోగంలో నేనాడిన మొదటి అబద్ధం అది.

అప్పుడే సునందగారు వాళ్ల నాన్న స్కూటరు మీద వచ్చారు. పెద్దాయన హెల్మెట్ తీశాడు. ఎడమ కనుబొమ్మ రెండుగా చీలి ఉంది. రేపటికి పుస్తకాలు అందవేమోనని ఓనరు నసిగితే, "చూద్దాం" అన్నాడు.

ఉండబట్టలేక ఆ మచ్చ సంగతి అడిగాను. సునందగారే అందుకున్నారు. "గాలాల తాడు విసిరేటప్పుడు తగిలిందమ్మా. మా ఊళ్లో సగం మందికి ఉండాది. నవల్లో చంద్ర మా నాన్నే. వయసొకటే నేను తగ్గించినా. ఒడ్డున మాటిచ్చింది మా అమ్మకి."

"నా పరువంతా అచ్చేయించింది" అని పెద్దాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

గుండెల మీది నుంచి కటింగ్ మిషను దించినట్టయింది నాకు. కట్టలు తెచ్చి బల్ల మీద పెట్టి, ఎందుకు దాచానో చెప్పేశాను. ఓనరు తిట్టవలసినంతా తిట్టారు. సునందగారు మాత్రం, "నా చంద్ర మీ ఇంట్లో కూడా ఉండాడంటే, బాగానే రాసినట్టే" అన్నారు.

సాయంత్రం మొదటి ఫారం మిషను దిగింది. ముందుమాటలో అంతా ఉంది: ఈ కథ మా అమ్మానాన్నలది అని. గురువారం మధ్యాహ్నానికి పుస్తకాలు పంపాం. శుక్రవారం తాంబూలాలు మార్చుకున్నాం.

మడుస్తూ చదవడం ఆ తర్వాతా మానలేదు. కానీ మొదటి ఫారం చేతికొచ్చేదాకా ఏ పుస్తకం మీదా తీర్పు చెప్పలేదు, ఏ కట్టనూ దాచలేదు.