సుబాబుల్ తోటలో సందు

తోట మావయ్య పోయిన కబురు నాకు గుంటూరు మీదుగా తెలిసింది. మా రెండిళ్లకీ మధ్య ఉన్నది ఒక్క ప్రహరీ గోడ. అయినా అలాగే తెలిసింది.

సోమవారం పొద్దున మీటింగులో ఉన్నాను. చెవులకు హెడ్‌ఫోన్లు. మిరపకాయలు ఎగుమతి చేసే కంపెనీ మాది, నేను లెక్కలు చూస్తాను. నెల లెక్క చదువుతుంటే గుంటూరు ఆఫీసులో ఉన్న మా మేడం మధ్యలో ఆపారు. "ఒక్క నిమిషం ఆగండి. మీ వెనకాల ఎవరో ఏడుస్తున్నట్టుంది" అన్నారు. టీవీ అనుకుని హెడ్‌ఫోన్లు కిందికి లాగాను. టీవీ కాదు. గోడవతల తోట మావయ్య భార్య, అత్తయ్య గొంతు.

ఎలా పరుగెత్తానో గుర్తు లేదు. ఆయన వసారాలో కుర్చీలోనే ఉన్నారు. తోటలోంచి వచ్చి, మంచినీళ్లడిగి, అత్తయ్య గ్లాసు తెచ్చేలోపు తల వాల్చేశారట. పాదాలకి మట్టి ఇంకా తడిగానే ఉంది. అంతకు కాసేపటి ముందే నన్ను పలకరించి వెళ్లిన మనిషి. నిద్రపోతున్నారేమో, లేపండి అన్నాను నేను.

తోట మావయ్య మాకు చుట్టం కాదు. మా మామగారి ఈడువాడు కాబట్టి నాకు మావయ్య. మా మిరప చేనుని ఆనుకుని కాగితం మిల్లుకి అమ్మే సుబాబుల్ చెట్లు పెంచుతారు కాబట్టి తోట మావయ్య. ఆయనకీ మా మామగారికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. గొడవంతా ఆ చెట్ల మీదే. గట్టు వరస చెట్ల నీడ పడి తన మిరప ఎదగడం లేదని, ఆ వరస కొట్టెయ్యమని మా మామగారు. నా చెట్టు, నా గట్టు అని ఆయన. నేను కాపురానికి వచ్చేసరికే వాళ్లకి మాటల్లేవు.

ఫైబరు ఉన్న ఊళ్ల వాళ్లకి ఇప్పుడు చెప్పబోయేది విడ్డూరంగా ఉండొచ్చు. మా ఊరికి ఆ తీగ రాలేదు. మెయిన్ రోడ్డు దాకా వచ్చి అక్కడే ఆగింది. కొన్నాళ్లు ఫోను నెట్టుతోనే నెట్టుకొచ్చాను. నా మాట సగం గుంటూరు చేరేది, సగం దారిలో రాలిపోయేది. చివరికి వినుకొండ నుంచి ఒకతను వచ్చి మా డాబా మీద చిన్న డిష్షు బిగించాడు. గుట్ట మీది టవరు నుంచి గాల్లోనే నెట్టు వస్తుంది. ఒకటే షరతు, డిష్షుకి టవరు కనపడాలి. మధ్యలో ఆకు కూడా అడ్డం రాకూడదు.

అప్పటికి తోట కొత్తగా నరికి ఉంది కాబట్టి ఏడాదిపాటు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత మోడులన్నీ చిగురేసి లేచాయి. గొట్టం వేసి డిష్షు ఎత్తు పెంచితే గాలికి ఊగి, ఉన్న నెట్టు కూడా పోయింది. ఆఫీసువాళ్లు మర్యాదగానే చెప్పారు, నెట్టు బాగుచేసుకోండి, లేదంటే రోజూ గుంటూరు రండి అని. చంటిపిల్లను వదిలి రోజూ ఎలా వెళ్లను? ఉద్యోగం మీద ఆశ వదులుకున్నట్టే అయింది.

ఇంట్లో చెప్పకుండా వెళ్లి ఆయన్నే అడిగాను. కోతకు రాని పంట కొట్టమని రైతుని అడగడం ఎంత పెద్ద మాటో నాకు తెలుసు. సగం చెప్పి ఆగిపోయాను.

"ఇంతేనా? చెట్టు కొడితే మళ్లీ చిగురేసిద్ది. ఉద్యోగం చిగురేసిద్దా అమ్మాయ్?" అన్నారు.

మర్నాడే రంపంతో దిగారు. ఎక్కడ కొట్టాలో తెలియడానికి ఒక వెదురు కర్రకి తన ఎర్ర తువ్వాలు కట్టి ఎత్తి పట్టుకున్నారు. నేను డాబా మీద డిష్షు పక్కన నిలబడి కొంచెం ఎడమకి అంటే, "నీ ఎడమా, నా ఎడమా?" అని అక్కడినుంచి కేక. ఆ గొంతుకి ఫోనుతో పనిలేదు. సాయంత్రానికి పచ్చటి గోడలాంటి తోటలో నిలువునా సందు పడింది, అందులోంచి గుట్ట, గుట్ట మీద టవరు.

మా మామగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "నా మిరపకి కొట్టనోడు నీ నెట్టుకి కొట్టాడా" అని ఒకటే గొణుగుడు. ఆ మాట నవ్వుతూ తోట మావయ్యకి చేరవేస్తే, "మీ మావ అడగలా, అరిచాడు. నువ్వు అడిగావు" అన్నారు. తర్వాత కాసేపు గట్టు వైపు చూస్తూ కూర్చున్నారు.

డిష్షుని ఆయన పళ్లెం అనేవారు. "ఏమ్మా, పళ్లెంలో నాలుగు మెతుకులు పడతన్నయ్యా?" అని గోడ మీంచి అడిగేవారు. ఒకసారి నేను చేసే పని చూపించమని వచ్చి, తెరమీద మిరపకాయల బస్తాల లెక్కలు చూసి తెగ ఆశ్చర్యపోయారు. "మన కాయేమో లారీ ఎక్కి గుంటూరు పోయింది, దాని లెక్కేమో గాల్లో ఎగిరి మనూరొచ్చిందన్నమాట." ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. నెట్టు ఆయనకి ఎందుకూ పనికిరాలేదు.

సోమవారం మీటింగులో అందరూ ముఖాలు కనిపించేలా కూర్చోవాలని ఎప్పుడో మాటవరసకి చెప్పాను. అప్పటినుంచి ప్రతి సోమవారం పొద్దున్నే కొడవలితో సందులో దిగి, కొత్త చిగుళ్లు నరికి, తువ్వాలు కర్ర ఎత్తేవారు. "కనపడతందా?" అని కేక. "కనపడతంది మావయ్యా" అని నేను డాబా మీంచి. పోయిన రోజు కూడా అంతే. ఆ కేకలో నీరసం గానీ వణుకు గానీ ఏమైనా ఉందా అని ఎన్నిసార్లు తలుచుకున్నానో. ఏమీ లేదు. ఎప్పటిలాంటి కేకే. అదే నాకు మింగుడుపడటం లేదు. చెట్టంత మనిషి, మాటా పలుకూ లేకుండా అలా ఎలా వెళ్లిపోతాడు?

ఆ మధ్యాహ్నం ఇంటికి తిరిగొచ్చేదాకా హెడ్‌ఫోన్లు నా మెడలోనే ఉన్నాయి. లాప్‌టాప్‌లో మీటింగు ఇంకా తెరిచే ఉంది. మేడం ఒక్కరే కూర్చుని ఉన్నారు, ఏమైందండీ అన్నారు. నెట్టు ఒక్కసారి కూడా తెగలేదు. ఆయన తెరిచిన దారిలోనే ఆయన చావు కబురు గుంటూరు వెళ్లి నాకు తిరిగొచ్చింది. అప్పుడు ఏడుపొచ్చింది.

మా మామగారు ఆ రోజు ఎన్నో ఏళ్ల తర్వాత వాళ్ల గడప తొక్కారు. వసారాలో ఓ మూల నిలబడ్డారు.

చిగుళ్లు మాత్రం ఆగవు కదా. సందు పూడుకుపోతూ వచ్చింది. మీటింగులో నా ముఖం మళ్లీ ఆగి ఆగి కనిపిస్తోందన్నారు. ఆ ఇంట్లో ఆ దుఃఖంలో ఈ మాట ఎవరితో అనను? ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను.

దినం దాటాక వచ్చిన సోమవారం, బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కాను. తోటలో సందు మధ్య ఎర్ర తువ్వాలు ఎగురుతోంది. నా చేతిలో తడి చీర జారిపోయింది. అదే కర్ర, అదే తువ్వాలు.

కర్ర కింద మా మామగారు ఉన్నారు. కాళ్ల దగ్గర కొడవలి, చుట్టూ నరికిన చిగుళ్లు. ఆ కర్రని పొద్దున్నే అత్తయ్య దగ్గరికి వెళ్లి అడిగి తెచ్చుకున్నారని తర్వాత తెలిసింది.

"కనపడతందా?" అన్నారు. ఆయన గొంతు అంత దూరం రాదు. పెదవుల కదలికను బట్టి తెలిసింది.

"కనపడతంది మావయ్యా" అని గట్టిగా అరిచాను.

వినపడినట్టు తల ఊపారు. కర్ర మాత్రం చాలాసేపటిదాకా దించలేదు.