పందిరిమంచం చక్రాలు

పోటీలో రోబోను ఎవరైనా ఓడగొట్టుకోగలరు. దానితోపాటు తాతగారి పరువును కూడా ఓడగొట్టిన ఘనత నా ఒక్కడిదే.

అప్పటికి మా వంశంలో మిగిలినవి రెండే: నా నిటారు వెన్ను, తాతగారి పందిరిమంచానికి ఉండే నాలుగు ఇత్తడి చక్రాలు. మంచం ఎప్పుడో అమ్ముడుపోయింది. చక్రాలను మాత్రం విడిగా దాచారంటే అవెంత అపురూపమో ఊహించండి. నేనూ ఊహించాను, అక్కడే చెడింది.

దువ్వాడలో ఇంజినీరింగ్ చదివే రోజులు. గుండ్రటి చెక్క బరిలో రెండు రోబోలు తోసుకోవాలి. రెండుసార్లు బరి దాటితే ఇంటికే. మా రోబోకు మోటార్లు, వైర్లు అన్నీ అమర్చింది యారాడ నుంచి వచ్చే నా క్లాస్‌మేట్ సింహాచలం. అందుకోసం చేపల వేట మానేసి, నాన్న చేత మూడు నెలలు తిట్లు తిన్నాడు. కప్పు తెచ్చి ఆ నోరు మూయిస్తానన్నాడు. కెప్టెన్ని నేను. ఎందుకని అడగకండి, నన్ను నేనే నియమించుకున్నాను.

రోబోకు బిగించడానికి తాతగారి చక్రాలకు గాజువాక లేత్ షాపులో బెజ్జాలు వేయించి తెచ్చాను. సింహాచలం ఒకదాన్ని గచ్చు మీద వేలితో నెట్టాడు. అది సర్రున జారి గోడకు తగిలింది.

"బావా, ఇత్తడి జారిపోద్ది. హవాయి సెప్పు కోసి సుట్టూ అంటించేద్దాం. రబ్బరుకైతే పట్టుంటాది."

"మా తాతగారి చక్రానికి చెప్పు తొడగమంటావా?"

"బరిలో తోసేది తాతగారు కాదు గదా బావా."

జవాబివ్వడం నా స్థాయికి తగదనిపించింది. పోటీ రోజు పొద్దున్నే చింతపండు పెట్టి చక్రాలను మరింత నున్నగా తోమాను.

బరిలో అవి గిర్రున తిరిగాయి, తళతళా మెరిశాయి. రోబో మాత్రం అంగుళం కదల్లేదు. ఎదుటి రోబో, అట్టపెట్టెలాంటి అనాకారి, చెప్పు రబ్బరు చక్రాలతో వచ్చి మాదాన్ని పెళ్లికొడుకులా బయటికి ఊరేగించింది.

ఐదు నిమిషాల విరామం. సింహాచలం కాళ్ల చెప్పులు విప్పి బ్లేడు తీశాడు.

"నీకు దణ్ణవెడతాను. ఊఁ అను బావా."

నేను వెన్ను ఇంకాస్త నిటారు చేశాను. రెండో ఊరేగింపు మొదటిదానికంటే త్వరగా ముగిసింది. సింహాచలం చెప్పులు చేత పట్టుకుని బస్సెక్కేశాడు.

ఇంట్లో నానమ్మ చక్రాలను చూసి నిట్టూర్చింది.

"ఈ దరిద్రాన్ని ఎందుకు తీశావురా? మీ తాతగారు మంచమెక్కబోతే అది తలుపు దాకా జారిపోయేది. అందుకే పీకించి మూల పడేశారు."

"పీకించకముందు ఎలా పడుకునేవారు?"

"ఎలా ఏముంది, చక్రాల కింద పాత చెప్పు ముక్కలు పెట్టుకుని."

ఆ నాలుగు చక్రాల సాక్షిగా ప్రమాణం చేశాను. మా వంశం దాచిన వస్తువును, ఎందుకు దాచిందో నానమ్మను అడగకుండా ముట్టుకోను. నా ఎదుట ఎవరైనా చెప్పు విప్పితే, ముందు వెన్ను వంచి, బ్లేడు నేనే అందిస్తాను.