చదివి వినిపించని వార్త

కూలీలు 'ముదలాళి' అని పిలిచే మా నాన్న తన మిల్లు మూసేశాక కోయంబత్తూరులో విలేకరినయ్యాను. మా దగ్గర నూలు చుట్టిన మునుస్వామి కొడుకు భౌతికశాస్త్రవేత్తయి, కాలేజీలో క్వాంటం సిద్ధాంతం గురించి మాట్లాడాడు. "దీనివల్ల ఎప్పటికైనా మిల్లు యంత్రాలు మారవచ్చు. ఇప్పటికి ఇది ఊహే," అన్నాడు. అచ్చుకు ముందు వార్త చదివి వినిపించమని అడిగాడు. మా కూలివాడి కొడుకుకా? వినిపించలేదు.

'కూలీలు లేని మిల్లు వస్తోంది' అని నా వార్త వచ్చింది. మరునాడు ఊళ్లోని మిల్లుల కార్మికులు మునుస్వామి ఇంటిని చుట్టుముట్టారు. ఆ గొడవ రాయడానికీ నేనే వెళ్లాను.

"నేను అట్ల చెప్పలేదు నాయనా!" అని కొడుకు మొత్తుకుంటున్నాడు.

"నోరు మూయరా! చిన్న ముదలాళి అబద్ధం రాస్తారా?" అని మునుస్వామి అతని చెంప పగలగొట్టాడు.

నేను ఆ గొడవ రాసుకుని వచ్చేశాను. సవరణ వేయించడానికీ పరువు అడ్డొచ్చింది. ఆ ముసలాయన చనిపోయేదాకా నా వార్తనే నమ్మాడు.