హాల్ టికెట్ నమిలిన గేదెకు మనవరాలు

నేను స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవడానికి కొంతకాలం ముందు, కళ్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో, వెల్దుర్తి అవతల ఒక పల్లెలోని పశువుల ఆసుపత్రికి డాక్టరుగా బదిలీ అయ్యాను. ఆ ఊళ్లో పుట్టిన ఒక రచయిత తన చిన్నతనాన్నే నవలగా రాశారు. అందులో కుర్రవాడి పదో తరగతి హాల్ టికెట్‌ను వాళ్ల గేదె నమిలేస్తుంది. పరీక్ష పోతుంది. అతను పట్నం పారిపోయి రచయిత అవుతాడు.

ఊరివాళ్లు ఆయనకు సన్మానం తలపెట్టారు. అదే వారం వెంకాయమ్మ తన గేదెను ఆసుపత్రికి తోలుకొచ్చింది. అది చూడి నిలవడం లేదని, వచ్చే సంతలో అమ్మేస్తానని కొడుకు శ్రీను పట్టుబట్టాడట. ఆమెకు ప్రాణం ఒప్పడం లేదు.

“అయ్యా, ఆ పుస్తకంలో గేదెకి ఇది మనవరాలు. ఆ ముక్క కాయితం మీద రాసియ్యి. అప్పుడెట్టా అమ్ముతాడో చూస్తా.”

ఎలా తెలుసని అడిగాను.

“దాని మొహం చూడు. అదే పొగరు.”

పశువుకిచ్చే ధ్రువపత్రంలో రంగు, కొమ్ములు, పళ్లను బట్టి వయసు రాస్తాం. వంశం రాయాలంటే తల్లిదండ్రుల రికార్డు ఉండాలి. ఆమె దగ్గర నవల తప్ప ఏమీ లేదు. దాన్నే తెరిచి పోల్చాను. నుదుట తెల్లచుక్క, వాలిన ఎడమ కొమ్ము సరిపోయాయి. ‘నవలలోని గేదె సంతతి’ అని రాసి ముద్ర వేశాను.

సన్మానం రోజు గేదెకు దండ వేసి వేదిక పక్కన కట్టారు. తమ ఇంట్లో గేదే ఉండేది కాదని, పరీక్షకు భయపడి హాల్ టికెట్ తానే చింపానని రచయిత నాతో మెల్లగా చెప్పారు. వెంకాయమ్మ విన్నది.

“నువ్వప్పుడు పిల్లోడివి అబ్బాయ్, నీకేం గుర్తుంటది?”

వెంకాయమ్మ తెచ్చిన ధ్రువపత్రాన్ని చదవమని ఆయన చేతికిచ్చాను. గేదె మెడ చాచి దాన్ని లాక్కుని నమిలేసింది. జనం ఈలలు వేశారు. “అదే రక్తం,” అన్నారు. శ్రీను తల పట్టుకున్నాడు.

“ఇంక దీన్ని సంతకు తోలితే ఊరు నన్ను నములుద్ది.”

నాకు మాత్రం అప్పుడు తెలివొచ్చింది. పశువు కాగితాలు, గుడ్డలు నమలడం రక్తగుణం కాదు, చాలాసార్లు భాస్వరం లోపం. ఎండు చొప్ప మీదే బతికే గేదెల్లో కనిపిస్తుంది. చూడి నిలవకపోవడానికీ అదే కారణం కావచ్చు. మర్నాడే కడుపులో పురుగులు పోయే నట్టల మందు, ఖనిజ లవణాల పొడి ఇచ్చాను. తర్వాత ఎదకొచ్చినప్పుడు చూడి కట్టింది.

దాని వంశాన్ని శాస్త్రీయంగా నిర్ధారించారని పేపర్లో వచ్చింది. ఎవరూ నిర్ధారించలేదు. నవల చూసి నేను రాశాను. గేదెను తోలుకొస్తే ముందు అడగాల్సింది ఏం మేస్తున్నదని. వెంకాయమ్మను ఆ రోజు అది తప్ప అన్నీ అడిగాను.